లోపలి చెంగు

"నిజం చెప్పాలంటే మేడమ్, బుచ్చమ్మ కనపడకుంటే అందరికన్నా ఎక్కువ ఇబ్బంది పడేది నేనే," అన్నాడు గిరీష్.

జయలక్ష్మి హ్యాండ్‌బ్యాగును ఒళ్ళోకి లాక్కుంది. మనిషి మాయమై నాలుగు రోజులయితే, ముందుగా తన ఇబ్బంది గురించి మాట్లాడేవాళ్ళను ఆమె ఈ వృత్తిలో చాలామందినే చూసింది. వాళ్ళందరూ హంతకులు కారు. కొందరు ఉత్త స్వార్థపరులు, అంతే. ఎవరు ఏ రకమో తేలేదాకా ఆమెకు భయంగానే ఉంటుంది.

అవును, జయలక్ష్మికి భయం. డిటెక్టివ్ అనగానే గుండెను రాయి చేసుకున్న మనిషి అనుకుంటారు లోకులు. ఆమెకు ప్రతి కేసులోనూ అరచేతులు చల్లబడతాయి. ఎదుటివాళ్ళకు తెలియకుండా వాటిని హ్యాండ్‌బ్యాగు కింద దాచుకోవడం అలవాటైపోయింది. ఈసారి మాత్రం నిన్న సాయంత్రం నుంచీ అవి వెచ్చబడలేదు.

నిన్న బోరబండ నుంచి రాజయ్య అనే మనిషి అమీర్‌పేటలోని ఆమె ఆఫీసుకు వచ్చాడు. కూర్చోమన్నా కూర్చోలేదు. అతని భార్య బుచ్చమ్మ స్టీలు గిన్నెల గంప నెత్తిన పెట్టుకుని ఇల్లిల్లూ తిరుగుతుంది. గిన్నె ఇచ్చి పాత చీర తీసుకుంటుంది. ఆ చీరలన్నీ మాదాపూర్‌లో 'మళ్ళీ' అనే బట్టల కంపెనీకి వేస్తుంది. సోమవారం సాయంత్రం కంపెనీకే పోతున్నానని బయలుదేరింది. ఇంటికి రాలేదు. అలిగి పుట్టింటికి పోయుంటుంది, నాలుగు రోజులు చూడమన్నారట పోలీసులు.

"మా ఆమెకు అలుక రాదమ్మా. కోపమొస్తే తిడతది, ఒడిసిపోతది," అన్నాడు రాజయ్య. "చిలకాకుపచ్చ చీర కట్టుకున్నది. ఎర్రంచు. అంచుకాడ నిప్పు పడి కాలితే పసుపుపచ్చ దారంతోని రఫ్ఫు జేసుకున్నది. నా బుచ్చమ్మను జర దొరకబట్టియ్యమ్మా." అంత పెద్ద మనిషి నిలబడి ఏడుస్తుంటే జయలక్ష్మి తల వంచుకుని, సరే అంది.

ఇప్పుడు ఆ బుచ్చమ్మే 'మళ్ళీ' యజమాని గిరీష్ కుర్చీ వెనక గోడమీద నిలువెత్తు ఫోటోలో నవ్వుతోంది. నెత్తిన గంప, నోట్లో తాంబూలం. కింద ఇంగ్లీషులో ఏదో గొప్పగా రాసి ఉంది. 'మళ్ళీ' కంపెనీ పాత చీరలను కత్తిరించి పసిపిల్లల చొక్కాలు, లంగాలు కుట్టి జర్మనీకి పంపుతుంది. కొత్త గుడ్డ నేయక్కర్లేదు, రంగులద్ది చెరువులు పాడుచేయక్కర్లేదు, చీర ఇచ్చిన ఆడమనిషి పేరూ ఫోటో ప్రతి చొక్కాకూ చీటీగా వేలాడుతాయి. వినడానికి ఎంత బాగుందో! జయలక్ష్మికి నిజంగానే నచ్చింది. అందుకే ఇంకాస్త భయం వేసింది.

"సోమవారం బుచ్చమ్మ ఇక్కడికి వచ్చిందా?"

"వచ్చింది. మూటలు దించింది, పోయింది."

"ఎప్పుడు?"

"చీకటి పడకముందే. గేటుకాడ లింగయ్య ఉన్నాడు కదా, అడగండి."

"నిన్ననే అడిగాను. వచ్చేటప్పుడు గేటు తీశాడట. పోయేటప్పుడు తియ్యలేదట."

గిరీష్ టేబుల్ మీది పేపర్‌వెయిట్‌ను అటు తిప్పి ఇటు తిప్పాడు. కర్నూలు దగ్గర్నుంచి వచ్చి ఇక్కడ స్థలాలు కొని అమ్మి, ఇప్పుడు బట్టల్లోకి దిగిన మనిషి. మాట తడబడటం అలవాటు లేదు. "వెనక గేటు కూడా ఉంది మేడమ్. అట్ల పోయింటాది."

"వెనకేముంది?"

"ఏముంటాయి? బండలు, తుమ్మచెట్లు. కొత్తగూడకు అడ్డదారి."

"ఆమెతో మీకు గొడవేమైనా అయిందా?"

"గొడవా! ఆయమ్మ బొమ్మ గోడకు పెట్టుకున్నాం, చూడండి. రేపు జర్మనీ నుంచి బయ్యర్లు వస్తాండారు. మొదట బుచ్చమ్మను చూపించమని రాసినారు. ఆమె పక్కన నిలబడి ఫోటో దిగాలంట. ఇప్పుడు నేను ఎవర్ని చూపించేది?"

అప్పుడే ఒక అమ్మాయి తలుపు తోసుకుని వచ్చింది. యశస్విని, ఇక్కడి డిజైనరు. ఇరవై మూడో ఇరవై నాలుగో ఉంటాయి. చేతిలో చొక్కాల కట్ట. కళ్ళు ఎర్రగా వాచి ఉన్నాయి. జయలక్ష్మి బ్యాగు తెరిచి చిన్న చొక్కా ఒకటి తీసి టేబుల్ మీద పరిచింది. అరచెయ్యంత చొక్కా. దానికి కూడా బుచ్చమ్మ ఫోటో చీటీ వేలాడుతోంది.

"ఇది మీదేనా అమ్మా?"

యశస్విని ముఖంలో నెత్తురు లేదు. "మాదేనండి."

"బుచ్చమ్మకు మీరే ఇచ్చారని రాజయ్య చెప్పాడు. కూతురికి కొడుకు పుట్టాడని ముచ్చటపడి అడిగితే. పసిబిడ్డకు కొత్తబట్ట తొడగరు మనవాళ్ళు. బాగా ఉతికి ఉతికి మెత్తబడిన పాతచీర చుడతారు. ఇది పాతచీరే కదా అని నమ్మి తొడిగింది. పిల్లవాడి వీపంతా బొబ్బలెక్కి తోలు ఊడింది. ఇప్పుడు దవాఖానలో ఉన్నాడు."

"చెమటకాయలై ఉంటాయిలెండి," అన్నాడు గిరీష్.

"వానాకాలంలోనా?"

జయలక్ష్మి యశస్విని వైపే చూస్తోంది. ఆ పిల్ల గిరీష్ వైపు ఒకసారి, కిటికీ వైపు ఒకసారి చూసి, "నేను సోమవారం ఆరింటికే ఇంటికి వెళ్ళిపోయానండి," అంది. ఆ సంగతి ఆమెను ఎవరూ అడగలేదు.

"పాత చీరలు పెట్టే గది చూడాలి," అని జయలక్ష్మి లేచింది.

"అదెందుకు మేడమ్? రేపు బయ్యర్లు..."

"చూపియ్యండి సార్. మన దగ్గర దాచుకునేదేముంది?" అని గుమ్మంలోంచి వినబడింది. ఆ గొంతు వినగానే జయలక్ష్మికి ఒళ్ళు మండింది. భయం కూడా కాసేపు పక్కకు తప్పుకుంది.

రాకేశ్! మూడేళ్ళు ఆమె దగ్గరే పని నేర్చుకున్నాడు. ఎవరిని ఎలా వెంబడించాలో, ఎదుటివాడి నోట్లోంచి మాట ఎలా రాబట్టాలో ఆమె పక్కన కూర్చునే తెలుసుకున్నాడు. పోయిన ఏడాది ఒక మంచి ముహూర్తాన ఆమె క్లయింట్లలో సగం మందిని వెంటబెట్టుకుని వెళ్ళి సొంత ఏజెన్సీ పెట్టాడు. ఇప్పుడు టై కట్టాడు. నడుముకు ఒకపక్క పేజరు, ఇంకోపక్క సెల్‌ఫోను. పెళ్ళికొడుకులా ఉన్నాడు.

"నువ్వేంటి ఇక్కడ?"

"నన్ను గిరీష్ సార్ పెట్టుకున్నడు అక్కా. కంపెనీ సెక్యూరిటీ అంతా నాదే. ఇప్పుడు బుచ్చమ్మను వెతుకుడు సుత నాదే." జేబులోంచి తాళాల గుత్తి తీసి వేలికి తిప్పాడు. "నువ్వెందుకు పరేషాన్ అవుతవ్? రాజయ్య నీకిచ్చేదేముంటది? ఇంటికి పోయి మంచిగ రెస్టు తీస్కో."

"నాలుగు రోజుల్లో నువ్వు కనిపెట్టిందేమిటో చెప్పు. విని పోతాను."

"ఏముంది? మొగునితోని పడలేదు, పోయింది. బొంబైల తేలుతది. వాళ్ళ వాడల సగంమంది ఆడనే ఉన్నరు."

"పసివాడు దవాఖానలో ఉంటే, అమ్మమ్మ బొంబాయి పోయిందా?"

"నీకు అన్నిట్ల కథలే కనిపిస్తయి అక్కా. అందుకనే ఇంకా అదే అమీర్‌పేట మేడమీద, అదే విరిగిన కుర్చీల కూసున్నవ్." గుత్తిలోంచి ఒక తాళంచెవి ఏరి ఆమె ముఖం ముందు ఊపాడు. "ఇగో, నీ ఆఫీసు చెవి ఇంకా నా దగ్గర్నే ఉంది. గుర్తుగ ఉంచుకున్న."

ఆ చెవిని ఆమె రెండుసార్లు అడిగింది. మూడోసారి అడగడం నామోషీ అనుకుని ఊరుకుంది. తాళం మార్పిద్దామనుకుంటూనే ఏడాది గడిపేసింది. ఇప్పుడు కూడా అడగలేదు. "ఉంచుకో. నీ బతుక్కి అదొక్కటే పనికొచ్చే వస్తువు," అని విసురుగా ముందుకు నడిచింది. యశస్విని దారి చూపింది. గిరీష్ కూడా వచ్చేవాడే, కానీ జర్మనీ నుంచి ఫోనని ఎవరో కేకేయడంతో వెనక్కి తిరిగాడు.

కుట్టుమిషన్ల హాలు దాటితే ఆ గది. ఇనప తలుపు, దానికి బయటి వైపు లావుపాటి గొళ్ళెం. పైన ఎక్కడో చిన్న కిటికీ, దానికి ఊచలు. లోపల అడుగు పెట్టగానే జయలక్ష్మి ముక్కు మండింది. చీరలు ఎడమవైపు కుప్పగా ఉన్నాయి, కుడివైపు అల్మరాల్లో మడతలుగా ఉన్నాయి. పక్క హాల్లో మిషన్లన్నీ ఒక్కసారే నడుస్తుంటే ఎవరేం మాట్లాడినా అరవాల్సి వస్తోంది.

రాకేశ్ తలుపుకు ఆనుకుని నిలబడ్డాడు. తాళాల గుత్తి తిరుగుతూనే ఉంది.

జయలక్ష్మి కుప్ప ముందు కూర్చుని ఒక్కొక్క చీరా తీసి దాని లోపలి చెంగు చూడటం మొదలుపెట్టింది. కట్టుకునేటప్పుడు నడుము దగ్గర మొదట దోపే కొస అది. పైకి కనబడదు. ఆమె ఎందుకు అక్కడే చూస్తోందో రాకేశ్‌కు అర్థం కాలేదు. అర్థమవడానికి అతనెప్పుడూ చీర ఇచ్చి గిన్నె తీసుకోలేదు కదా!

జయలక్ష్మి అమ్మ తీసుకునేది. గిన్నెలామె అరుగు మీద కూర్చుని బేరం తెగ్గొట్టాక, చీర చేతికిచ్చే ముందు, అమ్మ లోపలి చెంగు మూల పళ్ళతో కొరికి రవ్వంత ముక్క చింపి దాచుకునేది. ఒంటిమీద కట్టిన బట్ట పూర్తిగా ఎవరి చేతుల్లోనూ పెట్టకూడదు. ఎవరైనా చేతబడి చేస్తే? పైట చెంగు చింపితే గిన్నెలామె ఒప్పుకోదు, అందుకని లోపలి చెంగు. ఆ వీధిలో అందరూ అంతే. బి.ఏ. చదివాక జయలక్ష్మి ఆ భయాన్ని చూసి నవ్వింది. నవ్వుతూనే తన చీరలకూ చింపింది.

కుప్పలో పదిహేనో ఇరవయ్యో చూసింది. ప్రతిదానికీ లోపలి మూల చిరిగి ఉంది. తర్వాత కుడివైపు అల్మరాలో మడతలు తీసింది. అవీ వెలిసిపోయి, నలిగి, పాతవాటిలాగే ఉన్నాయి. ఒక్కదానికీ మూల చిరగలేదు. ముక్కు దగ్గర పెట్టుకుంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఇవి ఏ ఇంటివి అమ్మా?"

యశస్విని తల దించుకుంది.

"ఏ ఇంటివీ కాదు కదూ? మిల్లు నుంచి కొత్తవి తెప్పించి, బ్లీచింగులో నానబెట్టి పాతవి చేశారు. బుచ్చమ్మ తెచ్చేవి ఆర్డర్లకు చాలలేదు. అన్నిటికీ ఆమె ఫోటోనే తగిలించారు. పిల్లవాడి వీపు చూశాక ఆమెకు సంగతి తెలిసిపోయింది. జర్మనీవాళ్ళు ఆమె పక్కన నిలబడితే వాళ్ళ ముఖం మీదే చెప్పేస్తుంది. అవునా?"

"మస్తు కథ," అన్నాడు రాకేశ్. "బట్టలు ఉతుకుడు నేరమా? మనిషి ఏది అక్కా? మనిషిని చూపియ్."

జయలక్ష్మి మళ్ళీ కుప్పలో చెయ్యి పెట్టింది. అడుగున ఏదో పచ్చగా కనబడింది. లాగింది.

చిలకాకుపచ్చ చీర. ఎర్రంచు. అంచు దగ్గర పసుపుపచ్చ దారంతో రఫ్ఫు.

ఆమెకు మిషన్ల చప్పుడు వినిపించడం ఆగిపోయింది. ఈ చీర ఒంటిమీద ఉండగానే బుచ్చమ్మ ఇల్లు వదిలింది. ఆడమనిషి ఒంటిమీది చీర ఇక్కడికి వచ్చిందంటే, ఆ మనిషి ఏమై ఉంటుంది? రాజయ్యకు ఏ ముఖం పెట్టుకుని చెప్పాలి? పాత చీరల మధ్య ఒక పాత చీర. ఎంత తేలిగ్గా దాచారు! ఇంకో రోజు గడిస్తే ఇది పది చొక్కాలై విమానమెక్కేది. చేతులు వణుకుతుంటే దాచుకోవాలని కూడా అనిపించలేదు.

"ఏందది?" రాకేశ్ తలుపు వదిలి ముందుకు వచ్చాడు. గుత్తి తిరగడం ఆగింది.

అలవాటు కొద్దీ ఆమె వేళ్ళు చీర కొస కోసం వెతికాయి. లోపలి చెంగు దొరికింది. మూల చిరిగి ఉంది.

అది కూడా కొత్త చిరుగు. ఉతికి ఆరాక చింపింది. మిగతా చీరలను చింపాక ఇక్కడ ఉతికారు కాబట్టి చిరిగినచోట పోగులు ముద్దకట్టి ఉన్నాయి. ఇక్కడ పోగులు విడివిడిగా నిలబడి ఉన్నాయి. పక్కన పంటి గాటు కూడా తెలుస్తోంది.

జయలక్ష్మి దాన్ని వెలుతురులోకి ఎత్తింది. చచ్చినవాళ్ళు తమ చీర మూల కొరుక్కోరు. బలవంతంగా చీర లాగేసినవాడు ఆ పని చేయడు, వాడికి తెలియనే తెలియదు. ఈ చీరను ఎవరో ఉతికారు, ఆరేశారు. ఆరాక బుచ్చమ్మ దాన్ని తన చేతులతో ఇచ్చింది. ఇచ్చే ముందు, ప్రాణం మీదికి వచ్చిన ఆ వేళ కూడా, అలవాటు మానలేక మూల కొరికి దాచుకుంది!

సంతోషంతో ఆమె గుండె ఎగిసింది. పిచ్చి సంతోషం. అక్కడే ఆగి ఉంటే బాగుండేది. కానీ రాకేశ్ ఎదురుగా ఉన్నాడు, విరిగిన కుర్చీ అన్నాడు, తాళంచెవి ముఖం మీద ఊపాడు. ఆమె చీరను అతని ముందు జెండాలా పట్టుకుంది.

"బొంబాయి అన్నావు కదూ? ఇదుగో బుచ్చమ్మ చీర. దీన్ని తనే విప్పి, తనే ఇచ్చింది. మూల చూడు. బుచ్చమ్మ బతికే ఉంది రాకేశ్! ఇంకో బట్ట కట్టుకుని, ఎవరి సాయంతోనో దాక్కుంది. ఆ సాయం చేసినవాళ్ళు ఈ కంపెనీలోనే ఉన్నారు." ఆమె యశస్విని వైపు తిరిగింది. "నువ్వే కదూ?"

యశస్విని నేలమీద కూలబడిపోయి ముఖం చేతుల్లో దాచుకుంది.

రాకేశ్ కూడా ఆమె ఎదుట మునికాళ్ళ మీద కూర్చున్నాడు. గొంతు వెన్నలా చేసుకున్నాడు. అది కూడా జయలక్ష్మి దగ్గర నేర్చుకున్నదే. "భయపడకు చెల్లె. అక్క, నేను ఇద్దరం బుచ్చమ్మ కోసమే తిరుగుతున్నం. గిరీష్ సార్‌కు నేను చెప్ప. ఏం జరిగిందో చెప్పు."

"చెప్పమ్మా," అంది జయలక్ష్మి. ఆ క్షణంలో ఆమెకు గెలిచానన్న సంతోషం తప్ప ఇంకేమీ లేదు.

"మంగళవారం ఇంకా తెల్లవారకముందే మా రూము తలుపు కొట్టింది," అంది యశస్విని వెక్కుతూ. "నేను కొత్తగూడలో ఉంటాను. ఒళ్ళంతా తడిసి, గజగజా వణికిపోతోంది. ఎవరో వెనకనుంచి తోసేశారట. ముఖం చూడలేదంది. నా చుడీదార్ ఇచ్చాను. తను బతికున్నట్టు తోసినవాళ్ళకు తెలిసిపోతుందని భయపడి రాజయ్యకు కూడా చెప్పొద్దంది. ఈ చీర ఎవరైనా చూస్తారని భయం వేసి, ఉతికి ఇక్కడ కలిపేశాను. మా ఇంటి ఓనరు అనుమానంగా చూస్తుంటే ఏం చెయ్యాలో తోచలేదు మేడమ్. మీ కార్డు లింగయ్య దగ్గర దొరికింది. పొద్దున్నే ఆమెను ఆటో ఎక్కించి మీ ఆఫీసుకే పంపేశాను."

"నా ఆఫీసుకా!"

"కార్డులోని నంబరుకు ఫోను చేస్తే మీ ఓనరుగారు రత్నమాలగారు ఎత్తారు. ఆవిడ దగ్గరున్న చెవితో గది తెరిచి కూర్చోబెడతానన్నారు."

జయలక్ష్మికి నవ్వొచ్చింది. తను నగరమంతా వెతుకుతుంటే మనిషి తన విరిగిన కుర్చీలోనే కూర్చుని ఉంది!

"శాబాష్," అన్నాడు రాకేశ్. తల ఊపుతున్నాడు, కానీ కళ్ళు ఎక్కడో ఉన్నాయి. తనలో తను అనుకున్నట్టుగా అన్నాడు: "మరి అంత లోతు గుంతలకెల్లి ఎట్ల ఎక్కిందంట?"

యశస్విని తల ఎత్తింది. ఆమె పెదవులు కదలబోయేలోపు జయలక్ష్మి ఆమె పాదాన్ని తన చెప్పుతో తొక్కింది.

గుంత అని ఎవరన్నారు? ఎవరూ అనలేదు. ఒళ్ళు తడిసిందని విని జయలక్ష్మి వాన అనుకుంది. సోమవారం రాత్రంతా వానే కదా! తోసేశారంటే ఏ రోడ్డుమీదో, ఏ ఆటోలోంచో అనుకుంది. గుంత సంగతి తెలిసినవాళ్ళు ఇద్దరే ఉంటారు. పడినమనిషి ఒకరు, తోసినవాడు ఇంకొకడు.

ఆమె ముఖంలో ఏమీ కనబడనివ్వకూడదనుకుంది. చీర మడతపెట్టడం మొదలుపెట్టింది. మడత కుదరలేదు. తల ఎత్తి చూసేసరికి రాకేశ్ ఆమె చేతులనే చూస్తున్నాడు. మూడేళ్ళు పక్కన కూర్చున్నవాడికి ఆ చేతులు ఎప్పుడు వణుకుతాయో తెలియదా?

"పేజరు మోగింది అక్కా. ఒక్క నిమిషం," అన్నాడు. పేజరు మోగలేదు.

రెండంగల్లో బయటికి పోయాడు. ఇనప తలుపు మూసుకుంది. బయట గొళ్ళెం పడింది.

జయలక్ష్మి తలుపు మీద పడి బాదింది. యశస్విని అరిచింది. ఇద్దరూ కలిసి అరిచారు. పక్క హాల్లో యాభై మిషన్లు గడగడలాడుతున్నాయి. వాళ్ళ గొంతులు వాళ్ళకే సరిగా వినబడలేదు. ఎక్కడో మోటారుసైకిలు స్టార్టయిన చప్పుడు కిటికీలోంచి లీలగా వచ్చి దూరమైపోయింది.

"నేను గుంత అనలేదు కదా మేడమ్?" యశస్విని ఆమె చెయ్యి పట్టుకుంది. "వెనక క్వారీ గుంత ఉంది. బుచ్చమ్మను అందులోకే తోశారు. వాళ్ళ నాన్న ఆ క్వారీలోనే రాళ్ళు కొట్టేవాడట. నీళ్ళ కింద మెట్లు ఎక్కడున్నాయో చిన్నప్పటినుంచీ తెలుసట, పట్టుకుని ఎక్కేసిందట. ఆయనకెలా..." అని అంతలోనే అర్థమై నోరు మూసుకుంది.

జయలక్ష్మి మళ్ళీ తలుపు బాదింది. నాలుగు రోజులుగా బుచ్చమ్మను కాపాడింది ఒక్కటే: ఆమె చచ్చిందని చంపినవాడు నమ్మడం. ఆ నమ్మకాన్ని ఇంత తెలివిగా, ఇంత వివరంగా, చీర మూల ఎత్తి చూపించి మరీ తీసిపారేసింది ఎవరు? తనే. ఎందుకు? ఒక పోకిరీవాడు విరిగిన కుర్చీ అన్నాడని. తన మీద తనకే అసహ్యం వేసింది.

"మీరు భయపడకండి మేడమ్," అంది యశస్విని. ఆమెకే పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి. "చేరిందా అని మళ్ళీ ఫోను చేశాను, రత్నమాలగారు బుచ్చమ్మకు గట్టిగా చెప్పారట. ఎవరు తలుపు కొట్టినా తియ్యొద్దని. లోపల గడియ మాత్రం పెట్టొద్దన్నారట, మీరు వస్తే తాళం తీసుకుని లోపలికి రావాలి కదా! చెవి మీ ఇద్దరి దగ్గర తప్ప ఇంకెవరి దగ్గరా లేదన్నారు. తాళంచెవితో తీసుకుని వచ్చింది ఎవరైనా సరే మనవాళ్ళేనని చెప్పారట."

జయలక్ష్మి గదంతా వెతికి, చీరలు చుట్టిపెట్టే ఇనపకడ్డీ ఒకటి దొరికితే దానితో తలుపును కొట్టడం మొదలుపెట్టింది. చేతులు బొబ్బలెక్కాయి. ఎంతసేపు కొట్టిందో ఆమెకు తెలియదు. మాదాపూర్ నుంచి అమీర్‌పేటకు మోటారుసైకిలు మీద ఎంతసేపు పడుతుందో మాత్రం తెలుసు. దాన్ని గురించి ఆలోచించకూడదనుకుంది, ఆలోచించకుండా ఉండలేకపోయింది.

మధ్యాహ్నం భోజనాల బెల్లు కొట్టారు. మిషన్లు ఆగాయి. మరుక్షణం గొళ్ళెం తీసి లింగయ్య ముఖం పెట్టాడు. "ఎవరమ్మా లోపట? రాకేశ్ సార్ గోడౌను తియ్యద్దని చెప్పిపోయిండు..."

జయలక్ష్మి అతన్ని తోసుకుని పరుగెత్తింది. ముందుగదిలో గిరీష్ ఇంకా ఫోనులోనే ఉన్నాడు. ఇంగ్లీషులో జర్మనీవాళ్ళకు బుచ్చమ్మ గొప్పతనం చెబుతున్నాడు. ఆమె అతని చేతిలోంచి రిసీవరు లాగేసుకుని లైను కట్ చేసింది.

"ఏమైంది మేడమ్? ఏంది ఇది?" అన్నాడు గిరీష్. నిజంగానే తెలియదో, తెలియనట్టు నటిస్తున్నాడో చూసే తీరిక ఆమెకు లేదు.

అమీర్‌పేట నంబరు తిప్పింది. కింద రత్నమాల ఇంట్లో, పైన తన ఆఫీసులో ఒకే లైను. రెండుచోట్లా మోగుతుంది. రత్నమాల ఈ పాటికి తన బ్యాంకు ఉద్యోగానికి వెళ్ళిపోయి ఉంటుంది. మోగుతోంది. బుచ్చమ్మ తియ్యదు. పరాయివాళ్ళ ఇంట్లో ఫోను తియ్యకూడదనుకుంటుంది. చప్పుడు చెయ్యొద్దని కూడా చెప్పి ఉంటారు. "తియ్యి తల్లీ, తియ్యి," అని పైకే అంది జయలక్ష్మి. మోగుతూనే ఉంది. పక్కన యశస్విని రెండు చేతులూ జోడించుకుని నిలబడింది.

క్లిక్‌మంది. అవతల ఎవరో ఊపిరి పీలుస్తున్నారు.

"బుచ్చమ్మా? నేను జయలక్ష్మిని. ఆ ఆఫీసు నాదే. రాజయ్య నా దగ్గరికి..."

"అమ్మా! మీరేనా?" బుచ్చమ్మ గొంతు గుసగుసగా వచ్చింది, ఊరట కూడా వినబడింది. "నేను జర భయపడ్డనమ్మా. మెట్ల మీద ఎవరో ఎక్కుతున్నట్టు చప్పుడైంది. ఎవరో ఏందో అనుకున్న. ఇగ తాళంల చెవి పెట్టిన చప్పుడు విని, మీరే వచ్చిండ్రని పానం కుదుటపడ్డది."

జయలక్ష్మి నోరు తెరిచింది. గడియ పెట్టు అనాలి. ఆ రెండు మాటలు అనేలోపే ఫోనులో తాళం తిరిగిన చప్పుడు వినబడింది.

ఆ తర్వాత బుచ్చమ్మ చాలా మెల్లగా అడిగింది:

"మీరు ఫోన్ల మాట్లాడవడ్తిరి గదమ్మా... మరి తాళం తీస్తున్నదెవరు?"